200 మిల్లీవోల్టుల స్కేలు: ఒక సాదా మల్టీమీటరుతో నా అనుభవం

మల్టీమీటరు వోల్టులు చూస్తుందనీ, తీగ తెగిందో లేదో కూత పెట్టి చెబుతుందనీ అందరికీ తెలుసు కనుక వాటి జోలికి పోను. సఖినేటిపల్లి దగ్గర ఉంటూ కొన్నేళ్లుగా వాడుతున్న ఈ చవక మీటరులో నన్ను నిజంగా సంతోషపెట్టినది ఒక్కటే. చాలామంది ఎన్నడూ మీట తిప్పి చూడని 200 మిల్లీవోల్టుల డీసీ స్కేలు అది. మా కారు బ్యాటరీ మాటిమాటికీ ఎందుకు దిగిపోతోందో పట్టించింది ఆ స్కేలే.

నర్సాపురంలో పని ఉంటే మేము స్కూటరును పంటు పడవ ఎక్కించి రేవు దాటిపోతాం కాబట్టి, కారు వరసగా రోజుల తరబడి షెడ్డులోనే ఉండిపోతుంది. తీరా చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు ఆసుపత్రికి బయలుదేరే వేళకు తాళం తిప్పితే, టకటకమన్న చప్పుడే తప్ప ఇంజను తిరిగేది కాదు. బ్యాటరీ దుకాణంవారు లోడ్ టెస్టరు పెట్టి చూసి, "సెల్లు పోయిందండీ, మార్చేయండి" అన్నారు. మార్చాం. కొత్తదీ అదే దారి పట్టింది. అప్పుడు వారు నెపాన్ని, ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు మీదికి తోశారు. రెండో మాట నమ్మబుద్ధి కాక మీటరు కొన్నాను.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 14.2 వోల్టులు కనిపించాయి. 13.8కీ 14.5కీ మధ్య ఉంటే చార్జింగు బాగున్నట్టే కాబట్టి ఆల్టర్నేటరు తప్పేమీ లేదు. పూర్తిగా చార్జి చేసి కాసేపు వదిలేశాక 12.6 చూపిన బ్యాటరీ, మర్నాడు అదే వేళకు 12.3కి దిగేది, నెగటివ్ కేబులు విప్పి ఉంచితే మాత్రం కదలకుండా నిలిచేది. అంటే బ్యాటరీలో లోపం లేదు, ఆగి ఉన్న కారులోనే ఏదో కరెంటు తాగుతోంది.

దీన్ని వెతకడానికి మెకానిక్కులు సాధారణంగా కేబులుకూ టెర్మినలుకూ మధ్య మీటరును ఆంపియర్ల స్కేలులో కలుపుతారు. అలా ఉండగా ఎవరైనా మరచిపోయి స్టార్టు చేశారంటే మీటరులోని ఫ్యూజు ఎగిరిపోతుంది. పైగా ఒక్కో ఫ్యూజు పీకి పెడుతుంటే కారు ఆగాక నిద్రపోయిన దాని లోపలి చిన్న కంప్యూటర్లు మళ్లీ లేచి లెక్క తప్పుతుంది. మిల్లీవోల్టుల పద్ధతిలో ఏదీ పీకనక్కరలేదు. ప్రతి ఫ్యూజు నెత్తిమీదా రెండు చిన్న కన్నాల్లో లోహం కనిపిస్తుంది. మీటరు మొనలు వాటికి ఆనిస్తే చాలు. ఫ్యూజుకు కొద్దిపాటి నిరోధం ఉంటుంది కనుక, దానిలోంచి కరెంటు పోతుంటే ఆ రెండు కన్నాల మధ్య కొన్ని మిల్లీవోల్టులు కనిపిస్తాయి, పోకుంటే సున్నా.

డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజు పెట్టె అందాలంటే తలుపు తెరిచి ఉంచాలి, తెరిస్తే లోపలి దీపం వెలుగుతుంది. అందుకని తలుపు చట్రంలోని స్విచ్చును టేపుతో నొక్కిపెట్టి, తాళంచెవి ఇంట్లో పెట్టి వచ్చి, ఆ కంప్యూటర్లు నిద్రపోయేదాకా అరగంట ఆగాను. వరసగా 0.0, 0.0 చూపుతూ వచ్చిన మీటరు ఒక్క 10 ఆంపియర్ల ఫ్యూజు దగ్గర 3.2 చూపింది. ఆ ఫ్యూజు నిరోధం ఏడెనిమిది మిల్లీఓములు ఉంటుంది. భాగిస్తే సుమారు 0.4 ఆంపియరు. ఆగి ఉన్న కారు మొత్తం మీద 0.05 ఆంపియరు దాటకూడదు. 0.4 చొప్పున రోజంతా పోతే పది ఆంపియర్-అవర్లు కరిగిపోతాయి, మా బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 35.

ఆ ఫ్యూజు మీద గడియారం, పాటల పెట్టె జ్ఞాపకం, లోపలి దీపం, డిక్కీ దీపం ఉన్నాయి. మొదటి రెండూ అంత తాగవు. 5 వాట్ల బల్బు మాత్రం సరిగ్గా అంతే తాగుతుంది. డిక్కీ తెరిచిన మరుక్షణం దీపం మూత మీద వేలు పెడితే చురుక్కుమంది. అప్పుడే వెలిగిన దీపం అంత కాలదు. గొళ్లెంలోని స్విచ్చు చుట్టూ కొబ్బరి పీచు కూరుకుపోయి, దానిమీద ఉప్పుగాలి తుప్పు చేరి, డిక్కీ మూసినా అది తెరిచినట్టే ఉండిపోయింది. బల్బు పీకగానే 3.2 కాస్తా 0.1కి పడింది. స్విచ్చు ఖరీదు బ్యాటరీ ముందు లెక్కలోకే రాదు. అయితే ఈలోగా పలుమార్లు అడుగంటా దిగిపోయిన కొత్త బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోయింది. అది మునుపటిలా చార్జి పట్టడం లేదు.

కొన్న కొత్తలో, పావుగంటకు తనంతట తానే ఆరిపోవడం ఈ మీటరు సుగుణమని అందరికీ చెప్పేవాణ్ణి. కారు నిద్రపోయేదాకా అరగంట కాపు కాయవలసి వచ్చినప్పుడల్లా మీటరే ముందు నిద్రపోతుంటే ఆ మాట అనడం తగ్గించాను. వానాకాలంలో మీట కింది స్పర్శలకు చెమ్మ పట్టి చివరి అంకె ఊగిసలాడుతుంది, నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పితే గాని కుదురుకోదు. మొనలు మొద్దువి కావడంతో ఫ్యూజు కన్నాల్లోకి దిగక, సూది మొనలు విడిగా కొనవలసి వచ్చింది. అన్నిటికంటే ముఖ్యం, నేను మెచ్చుకునే ఆ స్కేలుకే ఒక హద్దు ఉంది: 30 ఆంపియర్ల ఫ్యూజు నిరోధం చాలా తక్కువ కాబట్టి, దాని మీది చిన్న లీకేజీ 0.1 దగ్గర తచ్చాడుతుంది, అది కరెంటో మీటరు చపలత్వమో తేల్చడం కష్టం.

మాది పాత కారు, ఫ్యూజు పెట్టె చేతికి అందుతుంది, ఎలక్ట్రీషియను రాజోలు నుంచి రావాలి. ఇన్ని కలిశాయి కనుక ఈ మీటరు మాకు సరిపోయింది. తాళంచెవి దగ్గరికి వస్తేనే మేలుకొనే కొత్త కార్ల మీద దీన్ని నేను వాడి చూడలేదు. రావులపాలెంలో ఉండే మా బావ రోజూ కారు తీస్తాడు, ఎలక్ట్రీషియను వాళ్ల వీధి చివరే ఉంటాడు. తనూ ఒకటి కొననా అని అడిగితే, నీకు అక్కరలేదు బావా, ఎప్పుడైనా అవసరమైతే నాది పట్టుకెళ్లు అన్నాను.