శ్రీలంకలో సముద్రం పక్కన నాలుగు రోజులు: ఉనవటునా, ట్రింకోమలీయా?

ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే: ఏ నెలలో వెళ్తున్నారు? శ్రీలంక చిన్న దేశమే. కానీ ఒక తీరంలో వాన దంచికొడుతుంటే ఇంకో తీరంలో ఎండ కాస్తుంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు ఉనవటున ఉన్న నైరుతి తీరాన్ని తాకుతాయి. అప్పుడు అక్కడి సముద్రం పోటు మీద ఉంటుంది, ఈతకు దిగడం మంచిది కాదు. అదే నెలల్లో తూర్పున ట్రింకోమలీ దగ్గర నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయి. చలికాలంలో ఈశాన్య రుతుపవనాలు వచ్చాక అంతా తారుమారు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఉనవటునదే పైచేయి. ఇది చూసుకోకుండా హోటల్ బుక్ చేసుకుని, సెలవులన్నీ గదిలోనే గడిపినవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ప్రయాణం సంగతికొస్తే ఉనవటున చాలా సులువు. కొలంబో నుంచి గాలే సుమారు 120 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఉనవటునకు ఆటోలో కాసేపే. రైల్లో వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. కొన్నిచోట్ల పట్టాలకూ అలలకూ మధ్య నాలుగు రాళ్లే ఉంటాయి, ఉప్పుగాలికి పెదాలు జిగురుగా తయారవుతాయి. ట్రింకోమలీ అయితే రోడ్డు మీద 260 కిలోమీటర్ల దాకా ఉంటుంది, వెళ్లడానికే సగం రోజు పైన పోతుంది. మూడు రోజులే చేతిలో ఉంటే, పెద్దవాళ్లు వెంట ఉంటే, నేనైతే ట్రింకో వద్దంటాను.

ఉనవటున గుర్రపు నాడా ఆకారంలో ఉన్న చిన్న అఖాతం. ఒడ్డు పొడవునా కేఫ్‌లూ గెస్ట్‌హౌస్‌లూ కిక్కిరిసి ఉంటాయి, సీజన్‌లో రాత్రి పాటల హోరు తప్పదు. అందుకని నేను సాయంత్రాలు గాలే కోటలో గడుపుతాను. పోర్చుగీసులు మొదలుపెట్టి, డచ్చివాళ్లు పెద్దది చేసిన కోట అది. 1988లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. పొద్దు వాలే వేళ ఆ గోడ మీద చేతిలో తంబిలి అనే నారింజ రంగు కొబ్బరి బొండంతో నడుస్తుంటే, పక్కన పిల్లలు గాలిపటాలు ఎగరేస్తూ ఉంటారు. ఒక్క లైట్‌హౌస్ దగ్గరే నాకు గంట గడిచిపోతుంది.

కానీ విశ్రాంతి అంటే నా మనసు ట్రింకో వైపే మొగ్గుతుంది. ఉప్పువెలి, నిలావెలి తీరాల్లో మోకాలి లోతు నీళ్లలో చాలాదూరం నడిచి వెళ్లొచ్చు. తెల్లవారుజామున జాలర్లు వరసగా నిలబడి, పాట పాడుకుంటూ పెద్దవల లాగుతారు. వల ఒడ్డుకు చేరేదాకా చూడటం తప్ప మనకు వేరే పని ఉండదు. నిలావెలి నుంచి కొద్ది దూరంలోనే పీజియన్ ఐలాండ్ ఉంది. అక్కడ నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్లలోకి చూస్తూ ఈదే స్నార్కెలింగ్ చేస్తే పగడాల మధ్య చిన్న రీఫ్ షార్క్‌లు కనిపిస్తాయి, కంగారుపడక్కర్లేదు. మధ్యాహ్నం దాటితే అక్కడ జనం పెరుగుతారు కాబట్టి పొద్దున్నే పడవ ఎక్కండి. ఊళ్లో తమిళులు ఎక్కువ కాబట్టి ఇడ్లీ, దోసె కోసం వెతుక్కోనక్కర్లేదు.

ట్రింకోలోని కోణేశ్వరం గుడికి ఫ్రెడరిక్ కోట లోపలి నుంచే దారి. ఆ దారిలో చుక్కల జింకలు మనుషుల పక్కనే తిరుగుతుంటాయి. పోయినసారి ఒకటి వచ్చి నా సంచిలో మూతి పెట్టింది. దాన్ని విదిలించుకుని పైకి వెళ్తే, గుడి వెనక కొండ నిట్టనిలువుగా సముద్రంలోకి దిగిపోతుంది. జూన్‌లో అక్కడ నిలబడితే కింద నీళ్ల అడుగున రాళ్లు కనిపించాయి. అందుకే మే, సెప్టెంబరు మధ్య వెళ్లేవాళ్లను, ఇంకో రోజు సెలవు దొరికించుకుని ట్రింకోకే వెళ్లమంటాను.