నాలుగడుగుల తొట్టి, నెల్లూరు ఎండ, గోల్డ్‌ఫిష్: ఏళ్ళు వాడాక నా సమీక్ష

మా హాల్లో ఉన్న అక్వేరియం పొడవు 4 అడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర. లెక్క ప్రకారం 255 లీటర్లు పడతాయి గానీ అంచు దాకా ఎవరూ నింపరు గనక 225 లీటర్లు అనుకోండి. అందులో ఉండేది నాలుగే నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, అన్నీ బొద్దుగా ఉండే ఫ్యాన్సీ రకాలే: రెండు ఒరాండాలు, ఒక ర్యూకిన్, ఒక బ్లాక్ మూర్. "ఇంత తొట్టికి నాలుగేనా?" అని అడగని చుట్టం లేదు. నాలుగు కాబట్టే అన్నీ బతికున్నాయి. పెద్ద తొట్టి పెట్టడానికి డబ్బులు ఎక్కువవుతాయి, తర్వాత చాకిరీ మాత్రం చిన్నదానికంటే తక్కువ. కాకపోతే మన నెల్లూరులో మే నెల ఎండకీ, కరెంటు పోవడానికీ ముందే ఏర్పాటు చేసుకోవాలి.

గోల్డ్‌ఫిష్ కార్ప్ జాతి చేప. పొట్ట సంచి ఉండదు, తిన్నది తిన్నట్టు పేగులోకి పోతుంది. అందుకే పొద్దస్తమానం ఆకలే, పొద్దస్తమానం రెట్టే. ఆ రెట్ట నుంచీ మొప్పల నుంచీ వచ్చే అమోనియా ఇరవై లీటర్ల గాజుగిన్నెలో అయితే ఒక్క రోజులోనే చేప ప్రాణం మీదికి తెస్తుంది. 225 లీటర్లలో పలచబడుతుంది, మనకి సర్దుకునే టైము దొరుకుతుంది. బొద్దుగా ఉండే ఫ్యాన్సీ రకాలు బాగా పెరిగితే 15 నుంచి 20 సెంటీమీటర్లు, సన్నగా ఉండే కామెట్లు అడుగు దాకా పోతాయి. కామెట్లు కావాలంటే నాలుగడుగులు కూడా ఇరుకే, వాటికి సిమెంటు కుంట కట్టుకోండి.

తొట్టి అమ్మినాయన "ఇయ్యాల నీళ్ళు పొయ్యండి, రేపు చేపలొదలండి" అన్నాడు. మా బావమరిదికి ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు ఉండాయి. ఆ మాట విని "ఏంది బావా, నీళ్ళు తయారు కాకుండా సీడ్ వదుల్తామా యాడన్నా?" అని నవ్వాడు. సీడ్ అంటే రొయ్య పిల్లలు. నా అదృష్టం కొద్దీ ఈ జిల్లాలో అంగడి వాడి మాట మీద ఆధారపడే పనిలేదు. రొయ్యల రైతులకి నీళ్ళు చూసే ల్యాబులున్నాయి. సీసాలో నీళ్ళు పట్టుకుపోతే పిహెచ్ (నీళ్ళు పులుపా క్షారమా చెప్పే అంకె), ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమోనియా, నైట్రైటు అన్నీ చీటీ మీద రాసిస్తారు. మొదట్లో ఆ చీటీలే నాకు దారి. ఆ తర్వాత చుక్కల మందు వేసి రంగు చూసుకునే ఎపిఐ కిట్ కొన్నాను. ఈ మొత్తం సరంజామాలో దండగ కానిది ఏదంటే ముందు ఆ కిట్ పేరే చెబుతాను.

నీళ్ళు తయారు కావడమంటే ఏమిటో రెండు ముక్కలు. ఫిల్టరు స్పాంజిలో ఒక రకం బ్యాక్టీరియా పెరిగి అమోనియాని నైట్రైటుగా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైటుని నైట్రేటు చేస్తుంది. మొదటి రెండూ విషం, మూడోది మోతాదు మించకపోతే ఫరవాలేదు, వారానికోసారి నీళ్ళు మారిస్తే పోతుంది. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత తొట్టిలో నలిగిన స్పాంజి ఒకటి తెచ్చి పెడితే ఇంకా తొందరగా అవుతుంది. అన్నాళ్ళూ ఖాళీ తొట్టికి లైటు వేసుకుని కూర్చుంటే ఇంట్లో వాళ్ళు అదోలా చూస్తారు, చూడనివ్వండి.

అద్దం 10 మిల్లీమీటర్లది. 8 చాలన్న వాళ్ళున్నారు, నాకు ధైర్యం చాలలేదు. నీళ్ళు, అద్దం, ఇసక, స్టాండు కలిపి 350 కిలోలు దాటుతుంది కాబట్టి మేడ మీద అయితే దూలం పోయే చోట, గోడ వారగా పెట్టుకోవాలి. స్టాండు చదరపు ఇనప పైపుతో వెల్డింగ్ చేయించి, పైన చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పలక వేయించాను. వంటగదికి తెచ్చినదాంట్లో మిగిలిందిలే. దాని మీద థర్మోకోల్ షీటు, ఆ పైన తొట్టి. రసమట్టం పెట్టి చూడకుండా నీళ్ళు పోయొద్దు. ఒక మూల కాస్త పల్లంగా ఉన్నా బరువంతా అటే పడి అతుకు వదులుతుంది. ఇక వాస్తు. ఈశాన్యంలో నీళ్ళుండాలి, ఈశాన్యంలో బరువుండకూడదు అని ఒకే పెద్దమనిషి ఒకే పూట చెప్పాడు. అక్వేరియం రెండూనూ. మాది పడమటెండ తగలని గోడ ఎక్కడుందో అక్కడుంది.

అడుగున పెన్నా ఇసక, జల్లెడ పట్టి, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, వేలు మందం పరిచాను. అంగట్లో అమ్మే రంగు గులకరాళ్ళు వద్దు. గోల్డ్‌ఫిష్ అడుగున్నదంతా నోట్లో వేసుకుని ఊస్తుంది, శనగగింజంత రాయి గొంతులో ఇరుక్కుంటే దాని పని అంతే. మైపాడు బీచి ఇసక ఊరికే వస్తుంది గానీ అందులో ఉప్పూ గవ్వల పొడీ ఉంటాయి, నీటి గుణం మారిపోతుంది. మార్కాపురం పలకలు రెండు నిలబెట్టాను, చూడ్డానికి బాగున్నాయి, నీళ్ళనేమీ చెయ్యవు. మొక్కల్లో అనూబియాస్, జావా ఫెర్న్ తప్ప తక్కినవన్నీ పీకి తినేశాయి.

నీళ్ళ సంగతి. ఇంటికి ఆర్‌ఓ ఉంది గదా అని దాంతోనే తొట్టి నింపేవాళ్ళని చూశాను. ఆర్‌ఓలో ఖనిజాలు ఉండవు, పిహెచ్ నిలకడగా నిలబడదు. గోల్డ్‌ఫిష్‌కి కాస్త గట్టి నీళ్ళే ఇష్టం, పిహెచ్ 7 నుంచి 8 మధ్య సుఖం. మా బోరు నీళ్ళు మరీ గట్టివి, అందుకని మున్సిపల్ నీళ్ళే వాడతాను. బ్లీచింగ్ పోవడానికి డ్రమ్ములో పట్టి, గాలి బుడగలు వదిలే రాయి వేసి, మర్నాటికి వాడతాను. తొందరైతే ఆక్వా మందుల షాపులో దొరికే హైపో, అంటే క్లోరిన్‌ని విరిచే మందు, వేస్తాను. వారానికి 80 లీటర్లు మారుస్తాను. తీసిన నీళ్ళు పారబోయను, మా కరివేపాకు చెట్టు వాటితోనే ఏపుగా ఉంది.

ఫిల్టరు దగ్గర నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. స్టాండు కింద దాచిపెట్టే, మూత బిగించిన డబ్బాలాంటి క్యానిస్టర్ ఫిల్టరు కొన్నాను, ఖరీదైనదే. నీళ్ళు అద్దంలా ఉంచుతుంది. కానీ దాని రబ్బరు వాషరు ఎండిపోయి ఒకసారి హాలంతా తడిపింది, కంపెనీ పేరెందుకు లెండి. దానికి తోడుగా రెండు మూలల్లో పెట్టిన స్పాంజి ఫిల్టర్లు, ఒక్కోటి కొన్ని వందల రూపాయలవి, ఇప్పటిదాకా ఒక్కరోజు ఇబ్బంది పెట్టలేదు. గాలి పంపుకి గొట్టం తగిలిస్తే చాలు. కడిగేటప్పుడు కుళాయి కింద పెట్టకుండా, తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి. లేదంటే పెంచిన బ్యాక్టీరియా అంతా క్లోరినుకి చచ్చిపోతుంది. మళ్ళీ కొనాల్సి వస్తే స్పాంజిలు నాలుగు తీసుకుంటాను, క్యానిస్టర్ మానేస్తాను.

అసలు కథ ఎండాకాలం. గోల్డ్‌ఫిష్‌కి నచ్చేది 18 నుంచి 24 డిగ్రీలు. రోహిణి కార్తెలో బయట 42, 43 ఉన్నప్పుడు హాల్లో తొట్టి నీళ్ళు 33 దాకా పోయాయి. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర ఏడున్నరే. ఒకపక్క గాలి తగ్గుతుంది, ఇంకోపక్క చేపకి అవసరం పెరుగుతుంది. దానికి తోడు అమోనియా. పిహెచ్ 7 ఉన్న నీళ్ళలో అమోనియాలో విషమయ్యే భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే పిహెచ్ 8, 25 డిగ్రీల దగ్గర ఐదు వంతులు, 30కి ఏడు దాటుతుంది. మేలో మేత సగానికి తగ్గించమని మా బావమరిది చెప్పింది ఇందుకే. గుంటలో పళ్ళెం దించి రొయ్యలు మేత ఎంత మిగిల్చాయో చూసే చెక్‌ట్రే లెక్క వాడిది.

నీళ్ళు చల్లబరిచే మిషను, చిల్లరు, కొనలేదు. అది నీళ్ళ వేడి తీసి హాల్లోకి కక్కుతుంది, మళ్ళీ దానికో ఏసీ. పైమూత తీసి జాలీ వేసి, నీటి మట్టానికి రాసుకుంటూ గాలి తగిలేలా రెండు చిన్న ఫ్యాన్లు బిగించాను. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడి పట్టుకుపోతుంది, మూడు డిగ్రీలు తగ్గుతుంది. పడమటి గాలి పొడిగా కొట్టే మధ్యాహ్నం బాగా పనిచేస్తుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగి ఉక్క పోస్తే పెద్దగా లాభం ఉండదు, అప్పుడు ఐసు సీసాలు తేలేస్తాను, ఒక్కసారిగా కాకుండా ఒకటి తర్వాత ఒకటి. ఆవిరైన నీటి చోటు మాత్రం ఆర్‌ఓ నీళ్ళతో నింపాలి. ఆవిరి నీటిని తీసుకుపోతుంది గానీ లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి, పైన మళ్ళీ మున్సిపల్ నీళ్ళు పోస్తే రోజురోజుకీ పేరుకుంటాయి.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు నెల్లూరుని నానబెట్టింది. మా వీధిలో రాత్రంతా కరెంటు లేదు. ఇంట్లో ఇన్వర్టరు ఫ్యాన్లకే చాలలేదు. బ్యాటరీ గాలి పంపు స్పాంజి ఫిల్టర్లని నడిపింది, చేపలకి ఏమీ కాలేదు. క్యానిస్టర్ మాత్రం మూసిన డబ్బా గదా, గాలాడక లోపలి బ్యాక్టీరియా కుళ్ళుతుంది. కరెంటు రాగానే స్విచ్ వేస్తే ఆ కంపు నీళ్ళన్నీ తొట్టిలోకి వస్తాయి. విప్పి, ఆ నీళ్ళు పారబోసి, స్పాంజి జాడించాకే వేశాను.

మేత గురించి ఎక్కువ లేదు. మునిగే గుళికలు, రోజుకి రెండు పూటలు, నిమిషంలో ఖాళీ అయ్యేంత. వారానికోసారి ఉడకబెట్టి తొక్క తీసిన బఠాణీ. ఒంటి మీద తెల్ల చుక్కలు కనపడితే వేరే టబ్బులో లీటరుకి 2 గ్రాముల కళ్ళుప్పు, మాకు ఇసకపల్లి ఉప్పే దిక్కు.

మొత్తం 40 వేల లోపు అయింది, కరెంటు రోజుకి ఒక యూనిట్‌కి అటూ ఇటూ. అంత వద్దనుకుంటే ఎండలకి విసిగి అమ్మేసేవాళ్ళ తొట్లు జూన్‌లో సగం ధరకి వస్తాయి. కొనేముందు మూలల్లో సిలికాన్ గోరుతో గీరి చూడండి, పొరలుగా లేస్తే వద్దు. లేవకపోతే మేడ మీద నిండా నీళ్ళు పోసి రెండు రోజులు ఉంచి, కింద న్యూస్‌పేపరు తడవకపోతేనే ఇంట్లోకి తీసుకురండి.