పాత కారు రూఫ్ లైనింగ్ మరకలు, నురుగు స్ప్రే: నాలుగేళ్ల వాడకం తరువాత

మా ఇంట్లో ఉన్నది 2006లో కొన్న చిన్న పెట్రోలు కారు. 2021లో దానికి పదిహేనేళ్లు నిండినప్పుడు అమ్మేయడమా, రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకోవడమా అని కొన్నాళ్లు తర్జనభర్జన పడి, ఇంజను ఇంకా గట్టిగా ఉందన్న ధైర్యంతో రెండో దారికే మొగ్గాం. ఫిట్‌నెస్ పరీక్షకు ముందు బండి లోపల తుడుస్తూ తలెత్తి చూశాను. రూఫ్ లైనింగ్ అసలు రంగు ఏమిటో సన్ వైజర్ కిందికి దించి, దాని వెనుక దాగి ఉన్న బట్టను చూస్తే తప్ప తెలియలేదు. అక్కడ లేత బూడిదరంగు, మిగతాచోట్ల పాలు తక్కువైన టీ రంగు.

ఆ వారమే సీట్ల బట్టకు వాడే నురుగు స్ప్రే డబ్బా ఒకటి కొన్నాను. ఈ నాలుగేళ్లలో అలాంటివి మూడు డబ్బాలు అయిపోయాయి. ఏ కంపెనీదన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఎందుకంటే రెండు రకాలు వాడినా నాకు కనిపించిన తేడా వాసనలోనే. తేడా అంతా వాడే పద్ధతిలో ఉంది. డబ్బా మీద అచ్చేసిన పద్ధతి సీట్లకు పనికొస్తుంది గానీ లైనింగ్‌కు పనికిరాదు.

లైనింగ్ అంటే కప్పుకు అంటించిన ఒట్టి బట్ట కాదు. అచ్చులో నొక్కి చేసిన అట్టలాంటి బోర్డు మీద పలుచని స్పాంజి పొర, దాని మీద సన్నని నూగు ఉన్న బట్ట, వీటన్నిటినీ పట్టి ఉంచే జిగురు, ఇదీ దాని నిర్మాణం. ఎండ వేడికి, గాలిలోని తేమకు ఆ స్పాంజి ఏళ్ల తరబడి లోలోపలే చివికి పొడి అవుతూ ఉంటుంది. విజయవాడ ఎండల్లో నిలబెట్టిన కారులో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అలాంటి బట్టను నీళ్లతో తడిపినా, బ్రష్షుతో రుద్దినా, ఆవిరి పట్టించినా మరక పోవచ్చేమో గానీ బట్ట ఊడి గుడారంలా వేలాడుతుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. చాలా ఏళ్ల క్రితం ఒక వాషింగ్ సెంటరులో కుర్రాడు ఎంతో శ్రద్ధగా సబ్బునీళ్లు చల్లి వెనుక సీటుకు పైనున్న లైనింగ్‌ను బ్రష్షుతో తోమాడు. తళతళలాడింది. వచ్చిన వేసవికి అరచేయి పట్టేంత మేర జారిపోయింది.

కాబట్టి నేను నురుగును కప్పు మీద ఎప్పుడూ నేరుగా చల్లలేదు. మైక్రోఫైబర్ గుడ్డ మీద కొంచెం నురుగు తీసుకుని, అదిమి ఎత్తుతూ, నూగు వాలిన దిక్కుగానే తేలికగా తుడిచి, వెంటనే నీళ్లలో ముంచి గట్టిగా పిండిన రెండో గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో మరోసారి అద్దుతాను. మధ్యలో చేసే తడిగుడ్డ పనిని మొదటి ఏడాది బద్ధకించి వదిలేశాను. బట్టలో మిగిలిపోయిన సబ్బు అంశ దుమ్మును పట్టుకుని, ఆరు నెలలు తిరగకముందే శుభ్రం చేసిన చోటే ముందుగా మాసింది. పని ఆసాంతం తల పైకెత్తి చేయాల్సిందే కాబట్టి కళ్లజోడు పెట్టుకోవడం మంచిది. నాకు ఆ సంగతి తెలియడానికి ఒక్క చుక్క చాలింది.

మరకలన్నీ ఒక్కలాంటివి కావు. ముందు అద్దం పైన ఉన్న గోధుమరంగు మసక, మా నాన్నగారు డ్యాష్‌బోర్డు మీది వినాయకుడికి ప్రతి ఉదయం వెలిగించిన అగరుబత్తుల పుణ్యం. అది రెండు దఫాలలో దాదాపు పూర్తిగా వదిలింది. నురుగు స్ప్రేకి నేను ఇచ్చే మార్కుల్లో సింహభాగం ఇక్కడివే. తలుపు పైన పట్టుకునే పిడి చుట్టూ పేరుకున్న చేతి జిడ్డు, తలనూనె మాత్రం నురుగుకు లొంగలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డకు అద్ది, ముందు సన్ వైజర్ వెనుక మూలన రంగు దిగుతుందేమో పరీక్షించి, ఆ తరువాత పిడి దగ్గర కొద్దికొద్దిగా అద్దితే వదిలింది. ఆల్కహాల్‌కు జిగురును కరిగించే గుణం ఉంటుంది కనుక అక్కడ చేయి ఆగనివ్వకూడదు. కిటికీలు తెరిచి ఉంచాలి, దగ్గరలో నిప్పు ఉండకూడదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ సతాయించింది యాంటెన్నా కింద పడిన నీటి మరక. పళ్లెం అంచులా గుండ్రంగా, ముదురుగా ఉన్న ఆ గీతను మొదటిసారి గీత వరకే తుడిచాను. మరునాటికి ఆ గీత మాయమై, దాని బయట ఇంకా పెద్ద గీత పుట్టింది. తడి ఆరేటప్పుడు నీరు లోపలి మురికిని కరిగించి అంచు దాకా మోసుకెళ్లి అక్కడ వదిలేస్తుంది కాబట్టి, తడి ఎక్కడ ఆగితే అక్కడ కొత్త మరక తయారవుతుంది. రెండోసారి, ఎండిపోయి బిరుసెక్కిన యాంటెన్నా రబ్బరు వాషరును ముందు మార్పించి, రెండు తలుపుల మధ్య ఉన్న మొత్తం వెడల్పును ఒకే తేమతో, ఒకే విడతలో తుడిచి, అంచుల దగ్గర తడిని క్రమంగా తగ్గించుకుంటూ వెళ్లాను. గీత ఇప్పటికీ ఉంది, కానీ వెతికితే గాని కనిపించదు. అంతకన్నా తెల్లబడాలని మూడోసారి పూనుకోలేదు.

కాలం కూడా చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం చేస్తే గుడ్డ రెండోసారి తగలకముందే నురుగు ఎండిపోతుంది, పైగా ఆ వేడికి జిగురు మెత్తబడి ఉంటుంది. వానాకాలంలో చేస్తే తడి ఆరక బూజు చుక్కలు వస్తాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఉదయం పూట, నీడలో నాలుగు తలుపులూ తెరిచి, టేబుల్ ఫ్యాను పెట్టి సాయంత్రం దాకా ఆరబెట్టడమే నాకు కుదిరిన పద్ధతి.

ఇప్పటికి ముందు భాగాన్ని మూడుసార్లు శుభ్రం చేశాను. బట్ట ఎక్కడా లేవలేదు, నూగు కొంచెం అణిగింది. ముందు అద్దానికి పైనున్న లైనింగ్ మీద చేయి పెట్టి నొక్కితే స్పాంజి మెత్తగా తగులుతుంది, కింద పొడి రాలదు. వెనుక జారిన భాగం వైపు మాత్రం డబ్బా తీసుకెళ్లలేదు, దానికి ఏ స్ప్రే కూడా మందు కాదు. అక్కడ పిన్నులు గుచ్చి నెట్టుకొస్తున్నాను. ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టే ఇద్దరిని అడిగితే, ఒకరు పాత బట్ట మీదే కొత్తది అంటిస్తామన్నారు. రెండోవారు బోర్డును బయటికి తీసి, పాత స్పాంజి పొడిని పూర్తిగా గోకి, వేడిని తట్టుకునే జిగురుతో అంటిస్తామని, ఒక రోజు బండి వదలాలని చెప్పారు. ఖర్చు దాదాపు రెట్టింపు అయినా, సంక్రాంతి తరువాత ఆ రెండోవారి దగ్గరికే బండి తీసుకెళ్తున్నాను.