బార్సిలోనానా, సిడ్నీనా? టానీ గ్రే-థాంప్సన్ కెరీర్‌లో ఏది గొప్ప?

వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో పుట్టిన వీల్‌చెయిర్ రేసర్ టానీ గ్రే-థాంప్సన్‌కు పారాలింపిక్స్‌లో 16 పతకాలున్నాయి. అందులో 11 స్వర్ణాలే. 1992లో బార్సిలోనాలో 100, 200, 400, 800 మీటర్లు నాలుగూ ఆమే గెలిచింది. 2000లో సిడ్నీలో మళ్లీ అవే నాలుగు. లెక్కకు రెండూ సమానమే అయినా, నన్నడిగితే సిడ్నీయే గొప్ప.

బార్సిలోనాను తీసిపారేయడానికి లేదు. అప్పుడామెకు 23 ఏళ్లు. 400 మీటర్లను నిమిషంలోపు పూర్తిచేసిన తొలి మహిళ అయింది ఆ ఏడాదే. లండన్ మారథాన్‌లో వీల్‌చెయిర్ రేసు మొదటిసారి గెలిచిందీ అప్పుడే. తర్వాత అక్కడ ఇంకో ఐదుసార్లు గెలిచింది. వందకూ ఎనిమిది వందలకూ అసలు పొంతన ఉండదు. వంద మీటర్లలో ఆగివున్న బండిని చేతుల బలంతో ఒక్కసారిగా కదిలించాలి. గ్లవ్స్ వేసుకున్న పిడికిళ్లతో చక్రం పక్కనున్న రింగును కొట్టే మొదటి కొన్ని దెబ్బల్లోనే సగం రేసు తేలిపోతుంది. ఎనిమిది వందల్లో అలా కాదు. గాలి తగలకుండా ముందువాళ్ల వెనకే నక్కి, సరైన అదను చూసి బయటికి రావాలి. ఈ రెండింట్లోనూ ఒకే మనిషి గెలవడం నిజంగా అబ్బురం.

మరి సిడ్నీ ఎందుకంటే, మధ్యలో అట్లాంటా ఉంది. 1996లో అక్కడ ఆమెకు దక్కిన స్వర్ణం 800లో ఒక్కటే. 100, 200, 400 మూడింట్లోనూ రజతమే. అమెరికాకు చెందిన టీనేజ్ అమ్మాయి లియాన్ షానన్ ఆ మూడూ పట్టుకుపోయింది. కొత్త తరం వచ్చేసిందని ఎవరైనా అనుకుంటారు. స్ప్రింట్లు వదిలేసి దూరపు రేసులకు మళ్లిపోయినా తప్పుపట్టేవాళ్లు ఉండరు. టానీ అలా మళ్లలేదు. 31 ఏళ్ల వయసులో, చేజారిన మూడింటినీ తిరిగి తెచ్చుకుంది, 800ను నిలబెట్టుకుంది. బార్సిలోనాలో గెలవడానికి వేగం ఉంటే సరిపోయింది. సిడ్నీలో ఓటమిని నాలుగేళ్లు మోస్తూ సాధన చేయాల్సి వచ్చింది.

2004 ఏథెన్స్‌నే ముందు పెట్టేవాళ్లూ ఉంటారు. తల్లయ్యాక వచ్చి, 800లో బాగా వెనకబడి, ఆ దెబ్బ తర్వాత 100, 400 గెలిచింది. 11 స్వర్ణాల లెక్క పూర్తయింది అక్కడే. గుండె ధైర్యం ఒక్కటే కొలమానమైతే నేనూ ఏథెన్స్ అనేవాణ్నే. కానీ ట్రాక్ మీద పట్టు చూస్తే, ఏ దూరంలోనూ ఎవరికీ చోటివ్వని సిడ్నీ తర్వాతే అది.