‘వేర్’ (wear) అనే ఒక్క మాట: కొరియన్లు ఏ దారిలో నేర్చుకుంటే మేలు?

దక్షిణ కొరియాలోని సువోన్‌లో నాతో పనిచేసే కొరియన్లు భోజనాల దగ్గర తిప్పి తిప్పి ఇదే అడుగుతారు: ఇంగ్లీషు మాటలు ‘తానొజాంగ్’ బట్టీ పట్టి నేర్చుకోవాలా, వాక్యాల్లోంచి పట్టుకోవాలా?

తానొజాంగ్ అంటే ఒకపక్క ఇంగ్లీషు మాట, ఎదురుగా దాని కొరియన్ అర్థం ఉండే పుస్తకం. దాన్ని తీసిపారేయను. కాలేజీల్లో చేరడానికి కొరియన్లు రాసే సునెంగ్ పరీక్షలో, ఇంగ్లీషు పేపరుకి 70 నిమిషాలకు 45 ప్రశ్నలు, అందులో 17 వినేవి, మిగతావన్నీ చదివేవే. మాట్లాడే పని లేదు. మాట చూడగానే అర్థం తడితే గట్టెక్కినట్టే.

నోరు తెరిస్తేనే వస్తుంది చిక్కు. ‘వేర్’కి ఎదురుగా ఆ పుస్తకాల్లో ఉండేది ‘ఇప్‌తా’. అది ఒంటిమీది బట్టలకే. టోపీకి, కళ్లజోడుకి ‘స్సుదా’, చెప్పులకు, మేజోళ్లకు ‘సిన్‌తా’, ఉంగరానికి ‘క్కిదా’, వాచీకి ‘ఛాదా’. మనకిదేం వింత కాదు. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం. ఇంగ్లీషువాడే అన్నిటినీ ఒక్క ‘వేర్’తో కానిచ్చేస్తాడు. పైగా స్సుదాకి ‘వాడటం’ అనే అర్థం కూడా ఉంది. మొన్న మా టీమ్‌లో ఒకాయన ‘ఐ యూజ్ గ్లాసెస్’ అన్నాడు. వేర్ తెలియక కాదు, ఆయన బుర్రలో అది బట్టల బీరువాలో ఉండిపోయింది.

అందుకే నా ఓటు వాక్యాల్లో కలిసివచ్చే మాటల జంటలకి. వేర్ గ్లాసెస్, వేర్ ఎ రింగ్, వేర్ పెర్ఫ్యూమ్. సెంటు కొరియన్‌లో చల్లుకునేది, తెలుగులో కొట్టుకునేది, ఇంగ్లీషులో దానికీ ‘వేర్’ అనే మాటే! ఇలాంటివి నాలుగు నోట్లో నానితే ఐదోది దానంతటదే వస్తుంది. కాకపోతే నత్తనడక. బట్టీ పడితే రోజుకు యాభై మాటలు లాగొచ్చు, ఇలాగైతే పది దాటవు. పరీక్ష మూడు నెలల్లో ఉన్నవాళ్లకు తానొజాంగే పట్టుకోమంటాను.

కొరియన్‌లో కలిసిపోయిన ఇంగ్లీషు మాటల్ని ఆసరా చేసుకుందామంటారు కొందరు. అక్కడ ‘సొబిసు’ అంటే హోటలువాళ్లు ఊరికే ఇచ్చే ప్లేటు, ‘ఖొనింగ్’ అంటే పరీక్షలో కాపీ కొట్టడం. అవి సర్వీస్, కన్నింగ్ నుంచి వచ్చినవే, కానీ ఆ అర్థాలతో ఇంగ్లీషులో వాడితే ఎవరికి అర్థమవుతుంది? ఇక యాప్‌లంటారా, మరిచిపోకుండా గుర్తుచేస్తాయి, అంతవరకే.

ఆ కళ్లజోడాయన నిన్న కారెక్కుతూ అడిగాడు, సీట్‌బెల్టుకి కూడా వేర్ అనొచ్చా అని. అనొచ్చన్నాను. కొరియన్‌లో దానికి మళ్లీ ఇంకో మాట, ‘మేదా’.