ఆరేళ్ల పెక్స్ పైపు: కారింది పైపు కాదు

ఇంట్లో నీళ్ల లైన్లన్నీ నేనే పెక్స్ పైపుతో, అంటే వంగే ప్లాస్టిక్ పైపుతో, వేసుకుని ఆరేళ్లు దాటింది. ఇన్నాళ్లలో ఒకే ఒక్క లీకు. అదీ పైపు తప్పు కాదు, నా చేతి తప్పు.

వంటింటి సింకు కింద, మోచెయ్యి తిరగని చోట దూరి క్రింప్ చేశాను, అంటే పైపుని ఫిట్టింగు మీదికి తొడిగి, పైన రాగి రింగుని టూలుతో నొక్కి బిగించాను. రాగి రింగు పైపు అంచు నుంచి 3 మి.మీ.కి తగ్గకుండా, 6 మి.మీ.కి మించకుండా కూర్చోవాలి. నేను టూలు సర్దుకునేలోపు అది జారి అంచుకి వచ్చేసింది. చూసుకోకుండా నొక్కేశాను. బిగింపు కొలిచే గేజ్ పెడితే సరిగ్గానే ఉందంది. మరి గేజ్ చూసేది రింగు బిగువునే, అది ఎక్కడ కూర్చుందో దానికేం తెలుసు! నెలన్నరకి అల్మరా అడుగు చెక్క ఉబ్బి ముక్కవాసన వేస్తే గానీ సంగతి బయటపడలేదు. జాయింటు కోసి కొత్తది వేయడం పావుగంట పని. చెక్క మాత్రం మార్చాల్సి వచ్చింది. అప్పట్నుంచి పైపు మీద ముందే మార్కర్‌తో గీత పెట్టుకుంటున్నాను.

వంగని సీపీవీసీ ప్లాస్టిక్ పైపు కంటే నాకిది నచ్చింది వంపు వల్లే. గోడ లోపల ఒక్క ఎల్బో లేదు, చుట్టలోంచి లాగిన ఒకే ముక్క. అలాగని ఎలా పడితే అలా వంచలేం. పెక్స్‌లో ఎ, బి అంటూ రకాలున్నాయి; నేను వాడిన బి రకం అరంగుళం పైపుకి వంపు వ్యాసార్ధం కనీసం 13 సెం.మీ. కావాలి. మడత పడితే ఆ ముక్క కోసి పారేయడమే. ఎ రకమైతే హీట్ గన్‌తో వేడిచేస్తే మళ్లీ సాపు అవుతుందట, నాకా అవసరం రాలేదు.

మొదటి ఏడాది వేణ్ణీళ్లు తిప్పగానే గోడలో టిక్ టిక్‌మని చప్పుడు. దయ్యం కాదు, పైపు సాగడం. పది మీటర్ల పైపు పది డిగ్రీల వేడికి దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు పెరుగుతుంది. అందిన చోటల్లా క్లాంపులు వదులు చేశాక చప్పుడు ఆగింది.

ఫిట్టింగులు పైపు లోపల దూరతాయి కాబట్టి దారి సన్నబడుతుంది. షవర్ ధారలో ఆ తేడా తెలుస్తోంది. మెయిన్ లైను ముప్పావు అంగుళం వేసుంటే బాగుండేది. ఎండ దీనికి పడదు, ఎలుకలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త. హీటరుకి ఆనుకుని మొదటి 45 సెం.మీ. లోహపు పైపే వేశాను.

వచ్చే నెల పై బాత్రూము పని ఉంది. పైపు ఇదే. సందుల్లో మాత్రం రాగి రింగులు మానేసి, ఒంటిచేత్తో బిగించే స్టీలు క్లాంపులు తెచ్చిపెట్టుకున్నాను.