'కాఫీ'యా, 'ఫాక్సీ బ్రౌన్'యా? ప్యామ్ గ్రియర్ పగ సినిమాల్లో ఏది మేలు?

1970ల నాటి అమెరికన్ నల్లజాతి యాక్షన్ సినిమాలు చూద్దామనుకునేవాళ్లు మామూలుగా 'షాఫ్ట్' (1971), 'సూపర్ ఫ్లై' (1972)లతో మొదలుపెడతారు. రెండూ మగవాళ్ల కథలే. మత్తుమందు ముఠాల మీద ఒంటరిగా తుపాకీతో విరుచుకుపడే ఆడమనిషి కావాలంటే మాత్రం నటి ప్యామ్ గ్రియర్ దగ్గరికి రావాలి. అప్పుడు వచ్చే డౌట్ ఇదే: 'కాఫీ' (1973) చూడాలా, 'ఫాక్సీ బ్రౌన్' (1974) చూడాలా? కథలు విప్పకుండా జవాబు చెప్పలేను కాబట్టి, ముందే తెలిస్తే మజా పోతుందనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

రెండిటికీ రచన, దర్శకత్వం జాక్ హిల్. తీసింది అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్, తక్కువ ఖర్చుతో చకచకా సినిమాలు చుట్టేసే సంస్థ. నిజానికి రెండోదాన్ని మొదటిదానికి సీక్వెల్‌గానే అనుకున్నారు. తీరా సమయానికి సంస్థ సీక్వెల్ వద్దనడంతో నాయిక పేరు మారింది. ఫాక్సీ ఏం ఉద్యోగం చేస్తుందో సినిమా అంతా వెతికినా దొరకదు, కారణం అదే.

కాఫీకి మాత్రం ఉద్యోగం ఉంది. నర్సు. పదకొండేళ్ల చెల్లెలు హెరాయిన్‌కు బానిసై చికిత్సలో ఉంది. సినిమా మొదలవగానే కాఫీ మత్తుకు అలవాటుపడ్డ అమ్మాయిలా నటించి, మందు అమ్మేవాణ్ని నమ్మించి, తుపాకీతో తల పేల్చేస్తుంది. అక్కణ్నుంచి నేరుగా ఆసుపత్రి డ్యూటీకి! ఆపరేషన్ దగ్గర మనిషి నిలకడగా ఉండలేకపోతుంది. చంపడం తేలిక కాదని ఈ జాతి సినిమాలు ఒప్పుకోవడం అరుదు. ఇందులో మొదటి పావుగంటలోనే అది తెలిసిపోతుంది.

నా ఓటు 'కాఫీ'కే పడటానికి అసలు కారణం వేరే ఉంది. ఆమె పగ ఒక మెట్టు ఎక్కినకొద్దీ శత్రువు ఇంకా దగ్గరివాడిగా తేలుతుంటాడు. వీధిలో అమ్మేవాడు, వాడి పైన కింగ్ జార్జ్ అనే నల్లజాతి తార్పుడుగాడు, వాడి పైన విట్రోనీ అనే తెల్ల మాఫియావాడు. చివరికి చూస్తే, అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ఎన్నికల్లో నిలబడ్డ ఆమె ప్రియుడు హోవర్డ్ కూడా అదే ముఠా మనిషి. వేదికల మీద నల్లవాళ్ల హక్కుల గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి, ఆమె ప్రాణం పోయే చోట ఆమె తనకేమీ కాదంటాడు.

మధ్యలో కింగ్ జార్జ్ చావు ఉంది. విట్రోనీని చంపబోయి పట్టుబడ్డ కాఫీ, తనను పంపింది అతనేనని అబద్ధం చెబుతుంది. విట్రోనీ మనుషులు అతని మెడకు తాడు కట్టి కారు వెనకాల ఈడ్చుకుపోతారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లను ఉరితీసిన మూకల చరిత్ర తెలిసినవాళ్లకు ఆ తాడు చూడగానే కడుపులో దేవుతుంది. పైగా అతన్ని అక్కడికి చేర్చింది ఆమె అబద్ధమే. ఇంత చేదును సినిమా దాచిపెట్టదు.

లోపం లేదా అంటే, ఉంది. క్లైమాక్స్‌లో హోవర్డ్ మాటలకు ఆమె దాదాపు మెత్తబడుతుంది. సరిగ్గా అప్పుడు పడకగదిలోంచి ఒక తెల్లమ్మాయి బయటికొస్తుంది, కాఫీ హోవర్డ్‌ను కాల్చేస్తుంది. అంతసేపూ పెరిగిన రాజకీయ కోపం ఒక్క క్షణంలో సవతి పోరుగా మారిపోయింది. జాక్ హిల్ ఇక్కడ తొందరపడ్డాడు.

'ఫాక్సీ బ్రౌన్' చూడటానికి ఇంకా సోకుగా ఉంటుంది. బట్టలు, విల్లీ హచ్ పాటలు, ఠీవి, అన్నీ ఒక మెట్టు పైనే. తమ్ముడు లింక్‌గా ఆంటోనియో ఫార్గస్ నటన కూడా బాగుంటుంది. డబ్బు కోసం అక్క ప్రియుణ్నే ముఠాకు పట్టిస్తాడు వాడు. కానీ ఆ తర్వాత విలన్లంతా బయటివాళ్లే, ఎవరు చెడ్డవాళ్లో మొదట్నుంచీ తెలుసు. మోడలింగ్ ఏజెన్సీ ముసుగులో జడ్జీలకు అమ్మాయిలను పంపే కేథరిన్‌ను అసహ్యించుకోవడానికి మనం పెద్దగా కష్టపడనక్కర్లేదు. మధ్యలో ఫాక్సీని బంధించి, మత్తెక్కించి చేసే అత్యాచారాన్ని సినిమా వాడుకున్న తీరు నాకు నచ్చలేదు. ప్రేక్షకుణ్ని చివరి శిక్షకు సిద్ధం చేయడానికి తప్ప దానికి వేరే పనిలేదు. ఆ శిక్ష గుర్తుండిపోతుంది మరి: కేథరిన్ ప్రియుడి అంగాన్ని కోయించి, సీసాలో పెట్టి ఆమెకే తెచ్చిస్తుంది ఫాక్సీ. ఆమెను మాత్రం చంపకుండా, బతికి అనుభవించమని వదిలేస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఇదే ముందుంది. ఫాక్సీ పేటలోని నల్లజాతి యువకుల కమిటీ దగ్గరికెళ్లి సాయం అడుగుతుంది. కాఫీకి అలాంటి తోడు ఎవరూ లేరు. నిజాయితీపరుడైన పోలీసు స్నేహితుడు కార్టర్‌ను సగం సినిమాకే చావగొడతారు.

ఈ తోడు అనే అంశమే మీకు ముఖ్యమైతే 'గోర్డన్స్ వార్' (1973) మూడో దారి. భార్య మత్తుమందుకు బలైన, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికుడు పాత సైనిక మిత్రులతో కలిసి న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్‌ను శుభ్రం చేయబూనుకుంటాడు. దర్శకుడు ఓసీ డేవిస్ నల్లజాతీయుడు కావడంతో వీధుల్లో పరాయి చూపు ఉండదు. అయితే ప్యామ్ గ్రియర్ ఉండదు కదా, అది పెద్ద లోటే.

రెండూ చూసే ఓపికుంటే 'కాఫీ' ముందు చూడండి. అందులో జుట్టులో బ్లేడ్లు దాచిన ఆమె, 'ఫాక్సీ బ్రౌన్'లో పిస్తోలు దాస్తుంది. మొదటిది చూశాక రెండోది ఇంకా నవ్వు తెప్పిస్తుంది.